గదిలో పట్టని అర దెబ్బ

మ్యూజ్‌స్కోర్ అనే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంది. పాటను అయిదు గీతల మీద స్వరాలుగా రాసుకోవడానికి, రాసినదాన్ని కంప్యూటర్ చేత వాయించి వినడానికి పనికొస్తుంది. పైసా కట్టనక్కర్లేదు. 2002లో మొదలైంది, ఇప్పుడు ఎన్నో దేశాల వాళ్లు వాడుతున్నారు. రెండేళ్లుగా నేను దాంతో మా కోయ రేల పాటలు రాస్తున్నాను. "అది బ్యాండు వాళ్లదీ, చర్చి పిల్లలదీ కదా, నీకెందుకు?" అని చాలామంది అడిగారు. ఎందుకో చెబుతాను, ఎలాగో కూడా చెబుతాను. మనలో ఇంకెవరైనా ఈ పనికి దిగితే నాకు పట్టినన్ని రాత్రులు వాళ్లకు పట్టకూడదు.

మా గూడెం కూనవరం దగ్గర, శబరి ఒడ్డున. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చింది. అక్కడ అంత వస్తే ఇక్కడ శబరి ముందుకు పోలేక వెనక్కి తంతుంది. మేం గుట్ట ఎక్కి టార్పాలిన్ల కింద ఉన్నాం. నీళ్లు తీసి, దిగి ఇంటికి వచ్చేసరికి ట్రంకు పెట్టెలో ఉన్న మూడు పాటల నోటు పుస్తకాలూ ముద్దయిపోయాయి. పాత ఫోను బురదలో దొరికింది కానీ మళ్లీ వెలగలేదు. అందులో మా పెద్దమ్మ, ఇంకో ఇద్దరు ముసలమ్మలు పాడినవి ఉన్నాయి. ఆ ఇద్దరిలో ఒకామె ఇప్పుడు లేదు.

నోటు పుస్తకాలను ఎండలో పెట్టి, పేజీలు విడదీసి కొన్ని మాటలు చదవగలిగాం. కోయ మాటలు, తెలుగు అక్షరాల్లో నేనే రాసుకున్నవి. బాణీ మాత్రం ఆ పుస్తకాల్లో ముందు నుంచీ లేదు. వరద తీసుకుపోయింది ఫోనులో ఉన్న బాణీని.

ఇంకో సంగతి కూడా ఉంది. మా ఊరు పోలవరం ముంపు ఊరు. ఏదో ఒక రోజు కాలనీకి పోవాలి, ఎవరి ఇల్లు ఏ వరసలో పడుతుందో ఎవరికీ తెలియదు. రేల పాట ఒక్కరు కూర్చుని పాడుకునేది కాదు. ఆడవాళ్లు చేతులు పెనవేసుకుని వరసగా నిలబడి, ఒకామె అందిస్తే మిగతావాళ్లు అందుకుంటూ, కాలు కదుపుతూ పాడేది. ఆ వరస చెల్లాచెదురైతే పాట ఒక్కొక్కరి దగ్గర ఒక్కో ముక్కగా ఉండిపోతుంది. మణుగూరు వైపు సకిని రామచంద్రయ్య గారు, 2022లో పద్మశ్రీ వచ్చిన డోలి కళాకారుడు, సమ్మక్క సారలమ్మల కథను ముందు కాగితం పెట్టుకోకుండా పాడినవారు. అలాంటి తల ఉన్నవాళ్లకు కంప్యూటర్ అక్కర్లేదు. నాది బడి తల. రాసుకుంటేగానీ నిలవదు.

"సరిగమల్లో రాసుకోవచ్చు కదా" అన్నారు కొందరు. రాసుకోవచ్చు. 1904లో సుబ్బరామ దీక్షితులు గారి 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' ఎట్టయపురంలో అచ్చయింది. అది తెలుగు లిపిలోనే ఉంది, గమకాలకు కూడా విడివిడిగా గుర్తులున్నాయి. పెద్ద పని అది. కానీ అలా రాసింది చదివి పాడాలంటే ఆ సంగీతం కొంతైనా ముందే నేర్చి ఉండాలి. నేను నేర్వలేదు, నా పక్కన గురువు లేడు. మ్యూజ్‌స్కోర్‌లో నేను రాసింది వెంటనే మోగుతుంది. అది పెద్దమ్మ పాటలా ఉందో లేదో చెప్పడానికి నా చెవులు చాలు. నేను దాన్ని పట్టుకోవడానికి కారణం అంతకుమించి లేదు.

మా అక్క కొడుకు రాజమండ్రిలో డిగ్రీ చదువుతూ కీబోర్డు వాయిస్తాడు. సంక్రాంతి సెలవుల్లో వచ్చి నా పాత లాప్‌టాప్‌లో దాన్ని ఎక్కించి, గంటసేపు చూపించాడు. బస్సెక్కుతూ "పిన్నీ, ఎన్ కొట్టు, అంకె కొట్టు, అక్షరం కొట్టు. అంతే" అన్నాడు.

నిజానికి అంతే. ఎన్ కీ నొక్కితే రాసే స్థితిలోకి పోతుంది. అంకె నొక్కితే స్వరం ఎంతసేపు నిలవాలో తెలుస్తుంది: 5 అంటే ఒక దెబ్బ, 4 అంటే అర దెబ్బ, 6 అంటే రెండు దెబ్బలు, 7 అంటే నాలుగు. సున్నా కొడితే ఆ మేర మౌనం. అక్షరం నొక్కితే ఆ పేరు గల స్వరం గీత మీద కూర్చుంటుంది, ఎ నుంచి జి వరకు ఏడు పేర్లు. కిందటి స్వరానికి ఏది దగ్గరైతే ఆ స్థాయిలో అదే పెడుతుంది. మనకు పై స్థాయి కావాలంటే కంట్రోల్ పట్టుకుని పై బాణం. ఉత్త బాణం నొక్కితే అర మెట్టు పైకో కిందికో జరుగుతుంది. ఈ నాలుగు ముక్కలు వస్తే ఒక పాట రాయొచ్చు. మొదటి వరస రాయడానికి నాకు రెండు రాత్రులు పట్టింది, ఒక రాత్రి కరెంటు లేదు.

ఇక దిద్దడం. అసలు పనంతా అక్కడే ఉంది. కొత్త ఫైలు తెరవగానే తెల్ల కాగితం రాదు. 32 గదులు వస్తాయి. వాళ్లు మెజర్లు అంటారు, నేను గదులు అంటున్నాను. ప్రతి గదిలోనూ నాలుగు దెబ్బల మౌనం ముందే నింపి ఉంటుంది. ఖాళీ అనేది దానికి తెలియదు. స్వరం లేకపోతే మౌనం ఉండాలి, దానికీ కొలత ఉండాలి. అందుకే ఒక స్వరాన్ని ఎంచుకుని డిలీట్ కొడితే స్వరం పోతుంది, దాని చోటు పోదు. అక్కడ అంతే కొలత మౌనం వచ్చి కూర్చుంటుంది. చోటు కూడా పోవాలంటే కంట్రోల్ పట్టుకుని డిలీట్ కొట్టాలి. కొత్తవాళ్లను విసిగించేది ఇంకొకటుంది. ఒక అర దెబ్బ స్వరాన్ని దెబ్బకు పెంచితే పక్క స్వరాన్ని మింగేస్తుంది. జరిపి చోటివ్వదు. పక్కవాళ్లను జరిపి నిలబడాలంటే ఇన్‌సర్ట్ అనే పద్ధతి వేరే ఉంది, దాన్ని వెతికి పెట్టుకోవాలి.

నాకు అన్నిటికంటే ఉపయోగపడింది రీ-పిచ్ అనే పద్ధతి. ముందు దెబ్బలన్నీ ఒకే స్వరం మీద రాసేయాలి, తుడుం కొట్టినట్టు. అది వాయించి, ఫోనులో రికార్డు చేసిన పాటతో పోల్చి, నడక కుదిరాక రీ-పిచ్‌లోకి వెళ్లి మొదటి నుంచి అక్షరాలు కొట్టుకుంటూ పోవాలి. నిడివి మారదు, ఎత్తు మాత్రమే మారుతుంది. నడకనూ బాణీనీ ఒకేసారి పట్టుకోబోతే రెండూ జారిపోతాయి. నడక ముందు, బాణీ తర్వాత. మా వాళ్లు పిల్లలకు నేర్పేదీ అలాగే కదా, ముందు వరసలో నిలబెట్టి కాలు కదపమంటారు, పాట దానంతటదే వస్తుంది.

పాడేవాళ్లు ఎవరని అడిగినప్పుడు నేను 'ఆల్టో' అని ఎంచుకున్నాను, ఆడవాళ్ల లోగొంతు అని రాసి ఉంది కాబట్టి. పెద్దమ్మ పాట సగానికి రాగానే కింది స్వరాలు కొన్ని ఎర్రగా మారాయి. ఏమిటా అని చూస్తే, ఆ గొంతు అంత కిందికి దిగదని సాఫ్ట్‌వేర్ అభిప్రాయం. ఎర్రగా మారినా మోగుతాయి, అచ్చులో ఆ రంగు రాదు కూడా. అయినా అలా చూడలేకపోయాను. డెబ్బై ఏళ్ల మనిషి, ఎండకూ పొగకూ పాడి పాడి దిగిన గొంతు. సెట్టింగుల్లోకి వెళ్లి ఆ రంగు వేసే అలవాటు మాన్పించాను.

ఇప్పుడు అర దెబ్బ దగ్గరికి వస్తాను.

విత్తనాల పండక్కి ఆడవాళ్లు దారి కాసినప్పుడు పాడే పాట ఒకటి ఉంది. చిన్నప్పటి నుంచి వరసలో నిలబడి నేనూ పాడాను. దాన్ని నాలుగు దెబ్బల గదుల్లో రాస్తూ పోయాను. మొదటి వరస బాగానే వచ్చింది. రెండో వరస గది మొదట్లో కాకుండా అర దెబ్బ ఆలస్యంగా మొదలైంది. మూడోది దెబ్బ ఆలస్యం, నాలుగోది దెబ్బన్నర. స్వరాలన్నీ గది గోడల మీద పడుతున్నాయి. గోడ మీద పడ్డ స్వరాన్ని సాఫ్ట్‌వేర్ రెండు ముక్కలు చేసి మధ్య ఒక వంపు గీతతో కలుపుతుంది. పేజీ నిండా ఆ వంపులే. చూస్తే గాలికి పడిపోయిన కంచెలా ఉంది. దెబ్బలన్నీ రికార్డుతో మూడుసార్లు సరిచూశాను. సరిగ్గానే ఉన్నాయి. విసుగుతో అలాగే రాసుకుంటూ పోతే, ఎనిమిది వరసలయ్యాక తొమ్మిదోది సరిగ్గా గది మొదట్లో, తలుపు దగ్గర నిలబడినట్టు మొదలైంది.

అప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టాను. ఒక్కో వరసలో పదహారు అర దెబ్బలు కాదు, పదిహేడు. ఎనిమిది వరసలకు ఎనిమిది అర దెబ్బలు మిగిలాయి, అవన్నీ కలిసి ఒక నిండు గది అయ్యాయి. పెద్దమ్మ ఊపిరి కోసం ఆగుతోందనో, వయసు వల్ల లాగుతోందనో అనుకోవడానికి వీల్లేదు. అలాగైతే ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ ఉండాలి. ఇది ఎనిమిదిసార్లూ ఒకే కొలత.

ఇన్‌సర్ట్ పద్ధతిలో ఆ అర దెబ్బను ప్రతి రెండో గదిలోకి దూర్చాను. గది సాగింది. సాగిన గది మూలన తెర మీద చిన్న కూడిక గుర్తు కనబడుతుంది, 'ఇక్కడ ఎక్కువైంది' అని. ఎక్కువ అని ఎవరి లెక్కలో? నాలుగు దెబ్బల లెక్కలో. ఆ లెక్క నేను కోరింది కాదు, ఫైలు తెరిచినప్పుడు ముందే పెట్టి ఉంది. నాలుగు రోజులు ఆ కూడిక గుర్తులను చూశాక తాళం పెట్టే చోట ఏ అంకెలైనా ఇవ్వొచ్చని తెలిసింది. రెండేసి గదులను ఒకటి చేసి పైన 17, కింద 8 పెట్టాను. ఏమీ అనలేదు. గుర్తులన్నీ మాయమయ్యాయి, వంపు గీతలు పోయాయి, ఒక్కో వరస ఒక్కో గదిలో నిండుగా పట్టింది.

సాఫ్ట్‌వేర్‌ను తిట్టుకున్నవాళ్లు నాకు తెలుసు, మన పాటకు అది పనికిరాదని. నేను అలా అనను. దానికి పదిహేడుతో పేచీ లేదు. పేచీ ఉన్నది ముందుగా పెట్టి ఉంచిన నాలుగుతోనే. అసలు అది అలా మొరాయించకపోతే, నలభై ఏళ్లు పాడిన పాటలో పదిహేడు ఉందని నాకు తెలిసేదే కాదు. నా కాళ్లకు తెలుసు, నాకు తెలియదు.

స్వరం ఎత్తు దగ్గర ఇంత సులువుగా తేలలేదు. వరస చివర పెద్దమ్మ నిలిపే స్వరం ఒకటి ఇ కాదు, దాని కింద ఉన్న ఇ ఫ్లాట్ కాదు. మధ్యలో ఎక్కడో. కంప్యూటర్ పియానోకు ఆ రెండు మెట్ల మధ్య ఏమీ లేదు. బాణం నొక్కితే పైకి, నొక్కితే కిందికి, నా చెవి రెండింటికీ ఒప్పుకోలేదు. వెతకగా స్వరం లక్షణాల పెట్టెలో ఒక గడి కనబడింది, సెంట్లలో సవరించుకోవచ్చట. నవ్వొచ్చింది. మాకు సెంటు అంటే భూమి. వంద సెంట్లు ఎకరం, కాలనీలో ఇంటిస్థలం కొలిచేదీ సెంట్లలోనే. ఇక్కడ వంద సెంట్లు అర మెట్టు. ఇ మీద నుంచి కిందికి జరుపుకుంటూ పోయాను, ఇరవై, ముప్పై, నలభై. ముప్పై అయిదు దగ్గర చెవి ఊరుకుంది.

హంగరీలో బేలా బార్టోక్ అనే సంగీతకారుడు 1900ల మొదట్లో ఎడిసన్ ఫోనోగ్రాఫ్ మోసుకుని పల్లెలు తిరిగి రైతుల పాటలు పట్టాడు. స్వరం మెట్టు కంటే కాస్త పైన ఉంటే పైకి బాణం, కింద ఉంటే కిందికి బాణం గీసేవాడు. 1930లలో మళ్లీ ఆ రికార్డులు విని, తన పాత రాతలను ఏళ్ల తరబడి దిద్దుకున్నాడు. అంత పెద్దాయనకే అన్నేళ్లు పడితే నా రెండేళ్లు ఏపాటి. ఆ కింది బాణం మ్యూజ్‌స్కోర్‌లో కూడా ఉంది. సెంట్లు చెవికి, బాణం కంటికి. రెండూ పెట్టాను.

పాట మొత్తం అయ్యాక లాప్‌టాప్ తీసుకుని పెద్దమ్మ దగ్గరికి పోయాను. ఇప్పపువ్వు ఎండబోసుకుంటోంది. పియానో గొంతుతో పాట మోగింది. కాసేపు విని "ఎవరిదీ? కొత్త కోడలా? పళ్లు బిగబట్టి పాడుతోంది" అంది. మళ్లీ పెట్టమంది. రెండోసారి చేయి ఎత్తి ఆపమంది. నేను ముప్పై అయిదు సెంట్ల గురించి ఏమంటుందోనని చూస్తున్నాను. దాని ఊసే ఎత్తలేదు. "మిగతావాళ్లేరి?" అంది.

నేను అందించేవాళ్ల వరస రాసి, అది ముగిశాక అందుకునేవాళ్ల వరస రాశాను, ఒకరి తర్వాత ఒకరు. అలా కాదంది. తను చివరి స్వరం పట్టుకుని ఉండగానే వరస అందుకోవాలి. అందుకోకపోతే తనకు ఆ స్వరం వదలడానికి వీల్లేదు. "వాళ్లు రాకుండా నేనెట్టా వదుల్తాను? కింద పడదా?" అంది. ఆ స్వరం మెట్ల మధ్య ఎందుకు నిలబడిందో నాకు అప్పుడు కొంత అర్థమైంది. అది ఒక్కరి స్వరం కాదు, చేతులు మారుతున్న స్వరం. రెండో రికార్డులో ముగ్గురు అందుకుంటే అది మరీ కిందికి జారింది, ఏడుగురు ఉన్నప్పుడు పైకి జరిగింది.

మ్యూజ్‌స్కోర్‌లో ఒకే అయిదు గీతల మీద నాలుగు గొంతుల దాకా విడివిడిగా రాయొచ్చు. మొదటి గొంతు స్వరాల తోకలు పైకి, రెండో గొంతువి కిందికి. అందుకునేవాళ్లను రెండో గొంతులో పెట్టి రెండు దెబ్బలు ముందుకు జరిపాను. మళ్లీ వినిపిస్తే పెద్దమ్మ పువ్వులు ఏరుకుంటూనే, అందుకోవాల్సిన చోట తనూ కూనిరాగం తీసింది. అంతకంటే మెచ్చుకోలు ఆమె దగ్గర ఉండదు.

మాటలు ఎక్కించేటప్పుడు తెలుగు లిపి బాగానే కుదిరింది. కంట్రోల్ ఎల్ నొక్కి ఒక్కో అక్షరం కొట్టి, చిన్న అడ్డగీత పెడితే పక్క స్వరం కిందికి పోతుంది, మాట అయిపోతే స్పేస్. మన అక్షరం ఎటూ ఒక పలుకే కాబట్టి ఇంగ్లీషు వాళ్లలా మాటను ఎక్కడ విరవాలా అని తడుముకోనక్కర్లేదు. కోయలో కొన్ని పలుకులకు తెలుగు అక్షరం సరిపోదు, ఆ బాధ నోటు పుస్తకాల నాటి నుంచీ ఉన్నదే.

ఇంకో గడి దగ్గర ఆగిపోయాను. ఫైలు మొదలుపెట్టేటప్పుడే పాట పేరు, స్వరకర్త, రచయిత, హక్కులు అని అడుగుతుంది. పాట పేరు అంటే పండగ పేరు రాశాను. స్వరకర్త ఎవరు? పెద్దమ్మని అడిగితే "వరసలో ఉన్నోళ్లందరివీ రాయి. చోటు చాలకపోతే మానెయ్" అంది. మానేశాను. పేజీ అడుగున పాడినవాళ్లు, ఊరు, తేదీ, ఆ రోజు వరసలో ఎందరున్నారో రాశాను. హక్కుల గడి ఖాళీగా ఉంది. దాని గురించి మన సంఘాల్లో మాట్లాడుకోవాలి, నేనొక్కదాన్నీ నింపేది కాదు.

ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవానికి మా వైపు పిల్లల చేత రేల ఆడించాలని అనుకున్నారు. బయటి నుంచి ఒక శిక్షకుడిని పిలిపించారు. పాట కాగితం మీద ఉందని తెలిసి నా దగ్గరికి వచ్చాడు, ఫైలు ఇచ్చాను. అయిదు గీతలు చక్కగా చదవగలడు, పనిమంతుడు. పదిహేడు చూసి నవ్వి, "అర దెబ్బ ఎక్కువ పడింది టీచర్ గారూ, సరిచేస్తాను" అన్నాడు. అది పాటలోనిదే అని చెప్పాను. పెద్దమ్మ రికార్డు వినిపించాను. "విన్నాను. కానీ జనానికి బీటు అందాలి కదమ్మా, ప్యాడ్ మీద లూప్ వేయాలి" అన్నాడు. ఆ రాత్రే ప్రతి గదిలోంచి అర దెబ్బ తీసేశాడు. కంట్రోల్ డిలీట్, ఒక్కో వరసకు ఒక్కసారి. కింది బాణాలూ తీసేశాడు. ఎనిమిది వరసలు దిద్దడానికి పావుగంట పట్టి ఉంటుంది. పదిహేడు ఉందని తెలియడానికి నాకు నెల పట్టింది.

పిల్లలు ఆ ట్రాక్‌తో వారం రోజులు పాడారు, పాట వచ్చేసింది. అడుగు మాత్రం రావట్లేదు. మా వరస కుడికి మూడు అడుగులు పోయి ఒకటి వెనక్కి తీస్తుంది. వెనక్కి తీసే ముందు కాలు గాలిలో ఒక క్షణం ఆగుతుంది. ఆ అర దెబ్బ అక్కడిది. అది పోయాక వెనక్కి తీయడానికి సమయం లేదు. పిల్లలు తెలివైనవాళ్లు, వెనకడుగు మానేశారు. దాంతో వరస కుడికి, ఇంకా కుడికి పోతూనే ఉంది. రిహార్సల్‌లో అయిదో వరసకల్లా చివరి పిల్ల స్టేజీ అంచున ఉన్న స్పీకర్ బాక్సుకు తగిలింది. శిక్షకుడు ఆలోచించి పాటను నాలుగు వరసలకు కుదించాడు. కార్యక్రమం బాగానే జరిగింది, చప్పట్లు పడ్డాయి.

నన్ను కలవరపెట్టింది చప్పట్లు కాదు. ఆ పదిరోజుల్లో ఒక సాయంత్రం మా వీధిలో ఇద్దరు పిల్లలు పెద్దమ్మ పాడుతుంటే ఆపి, "అవ్వా, అక్కడ ఆగకూడదు. కాగితంలో లేదు" అన్నారు. నేను విన్నాను. పెద్దమ్మ కోప్పడలేదు, "కాగితం ఆడుతుందా మరి?" అని నవ్వింది. కానీ పెద్దమ్మ ఎన్నాళ్లుంటుంది? కాలనీకి పోయాక, ఆమె లేని రోజున, ఆ నాలుగు దెబ్బల కాగితమే మిగిలితే అదే అసలు పాట అవుతుంది. వరదలో పోయిన నోటు పుస్తకంలో బాణీ లేదని అందరికీ తెలుసు. దిద్దిన కాగితంలో అర దెబ్బ లేదని ఎవరికీ తెలియదు.

సుమారు వెయ్యేళ్ల కింద ఇటలీలో గీడో అనే సన్యాసి ఈ గీతల పద్ధతిని తీర్చిదిద్దాడంటారు. చర్చి పిల్లలు ఎప్పుడూ వినని పాటను కూడా చూసి పాడగలగాలని ఆయన కోరిక. అంటే పాడే మనిషి పక్కన లేకుండా పాట నేర్చుకోవడానికే ఇది పుట్టింది. అది గుర్తుపెట్టుకునే ఇందులో రాయాలి. పాడే మనిషి ఏమేం చెప్పేదో అవన్నీ కాగితం మీద ఉండాలి, లేకపోతే కాగితమే పెద్దమనిషై కూర్చుంటుంది.

అందుకని ఫైలు మళ్లీ తెరిచాను. ప్రతి గదిలో పదిహేడో అర దెబ్బ కింద 'కాలు వెనక్కి' అని రాశాను. పైన ఒక మాట పెట్టాను: ఈ అర దెబ్బ తీస్తే వరస తిరిగి రాదు. ముగ్గురితో పాడినదీ ఏడుగురితో పాడినదీ రెండూ ఉంచాను, ఏది సరైనదో రాయలేదు. ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె, స్పీకర్‌కు తగిలిన పిల్లే, వచ్చి "టీచర్, వెనకడుగు ఉన్న కాగితం ఇవ్వండి" అని అడిగింది. ప్రింటు తీసి ఇచ్చాను. పండక్కి పెద్దమ్మ పక్కన నిలబడింది. కాగితం చూశాక వచ్చిందో, పెద్దమ్మ చేయి పట్టుకున్నాక వచ్చిందో నేను చెప్పలేను. అడుగు వచ్చింది.

ఇప్పటికి ఆరు పాటలు అయ్యాయి. చావు పాటకు ఫైలు తెరవలేదు. అది ఊరికే పాడకూడదు, రికార్డుకు అసలే పాడకూడదు అని పెద్దమ్మ అంది. పాడాల్సిన రోజున లాప్‌టాప్ పట్టుకుని కూర్చునే మనిషిని కాను.

మొన్న అక్క కొడుక్కి ఆరో పాట పంపితే రాత్రికి ఫోన్ చేశాడు.

"పిన్నీ, బాగుంది. నాలుగో గది చివర ఒక నోటు మాత్రం కాస్త తగ్గి పలుకుతోంది. ఏదో పొరపాటున సెంట్లు పడ్డట్టున్నాయి. సున్నా చేసి పంపనా?"

"వద్దు, అది అమ్మమ్మది."

"కీబోర్డు మీద రాదు మరి."

"రాదు. పండక్కి రా, గొంతు మీద వస్తుందేమో చూద్దాం."

పరీక్షలున్నాయన్నాడు. పండగ మేలో, పరీక్షలు ఏప్రిల్‌తో అయిపోతాయని చెప్పి పెట్టేశాను.